తువ్వాల కింద టీవీ బేరం

మా బావ హన్మంతుతో కలిసి ఏదైనా కొనడానికి బజారుకు పోయినవాడు రెండోసారి పోడు. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా పోతూనే ఉన్నాను. ఆయన మా అక్క కమల మొగుడు, నేను ఆమెకు ఒక్కగానొక్క తమ్ముణ్ని, అదీ నా తలరాత. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నాకో ఫోటో స్టూడియో ఉంది. పొద్దున షట్టరు సగం ఎత్తేసరికి కింది నుంచి తెల్ల ధోవతి అంచు కనిపించిందంటే ఆ రోజు నా గిరాకీ గంగలో కలిసినట్టే.

బావ పశువుల దళారి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ అంగడిలో ఎడ్ల బేరం తెగినా మధ్యలో ఆయన ఉండాల్సిందే. పెద్దకొడప్‌గల్ నుంచి, నస్రుల్లాబాద్ నుంచి, అటు మాచారెడ్డి నుంచి కూడా రైతులు వచ్చి పిలుచుకుపోయేవారు. ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసేవాడు. ఒంటి మీది వెంట్రుకల సుడులు మంచివో చెడ్డవో చూసేవాడు. నాలుగడుగులు నడిపించేవాడు, పడుకోబెట్టి లేపేవాడు, వెనక్కి పోయి నిలబడి అది తోక ఎట్లా ఊపుతుందో చూసేవాడు. అంతా అయ్యాక "కట్టుకపో" అనో "ఇడిశిపెట్టు" అనో ఒక్క మాట అనేవాడు. ఆ మాటకు ఎదురు లేదు.

ధర మాత్రం నోటితో అనేవాడు కాదు. భుజం మీది ఎర్ర తువ్వాల తీసి అమ్మేవాడి చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టేవాడు. ఏ వేలు పడితే ఎంత, ఎన్ని వేళ్లు కలిపి నొక్కితే ఎంత అన్నది వాళ్లకే తెలిసిన లెక్క. చుట్టూ ఊరంతా నిలబడి చూసినా బేరం ఎక్కడ తెగిందో ఎవరికీ అంతుబట్టదు. తువ్వాల కింది మాట తువ్వాల కిందనే ఉండాలి, కట్టుకున్న పెండ్లానికి కూడా చెప్పొద్దు, అది అంగడి ధర్మం. పెండ్లయిన కొత్తల్లో మా అక్క ఈ ధర్మం మీద చాలా కొట్లాడింది. గెలవలేదు.

మనిషి కంటికి పదునుందని ఒకసారి పేరు పడితే ఆ పేరు ఎడ్ల దగ్గర ఆగుతుందా? పట్టుచీరకు బావనే, కుట్టుమిషనుకు బావనే, బోరు మోటారుకు బావనే. చివరికి పెండ్లిచూపులకు కూడా తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఒక సంబంధంలో పిల్లగాణ్ని నిలబెట్టి నాలుగడుగులు నడిచి చూపమన్నాడు. ఆ సంబంధం అక్కడికక్కడే తప్పిపోయింది. పక్కన కూర్చున్నందుకు నాకు కూడా తిట్లు పడ్డాయి.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఆ వెనకాలే ఫోన్లు వచ్చాయి. ఎడ్లు తగ్గాయి, అంగడి బక్కచిక్కింది, ఏది కొనాలన్నా జనం ఫోన్లో ఎవరెన్ని చుక్కలిచ్చారో చూసి కొనడం నేర్చుకున్నారు. బావ మాత్రం పొద్దున్నే స్నానం చేసి, ధోవతి కట్టి, తువ్వాల మడతపెట్టి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా పిలవకపోతారా అని. నస్రుల్లాబాద్‌లో ఒకాయన ఫోన్లో వీడియో చూసి బర్రెను కొన్నాడని తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఫోన్లో కనిపించే బర్రె పాలిస్తదారా అని నన్ను పట్టుకుని కొట్లాడాడు, నేనేదో అమ్మినట్టు. ఆ బర్రె బ్రహ్మాండంగా పాలిస్తోందని నాకు తెలుసు. చెప్తే నన్ను పొడిచేవాడు.

ఇట్లా ఉండగా అల్లుడి టీవీ సంగతి వచ్చిపడింది.

బావకు ఒక్కతే బిడ్డ, పల్లవి. అల్లుడు అరవింద్ కామారెడ్డిలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. మంచి పిల్లగాడు, నెమ్మదస్తుడు. ఒక్కటే పిచ్చి, సినిమాలూ వీడియో ఆటలూ. మేడ మీది గదిని సినిమా హాలు చేస్తానని గోడలకు నల్ల రంగు వేయించాడు, కిటికీలకు మందపాటి పరదాలు కట్టాడు, మూలమూలకూ స్పీకర్లు పెట్టాడు. ఆటలాడే మిషను తెచ్చిపెట్టాడు. ఇక టీవీ ఒక్కటే తక్కువ. ఏ టీవీ కొనాలన్నది ఆరు నెలలుగా చదువుతున్నాడు. ఫోటోలవాణ్ని కదా, నాకు రంగుల సంగతి తెలుస్తుందని ఆ చదివిందంతా నాకు పంపేవాడు. నలుపు నల్లగా ఉండాలట, బూడిద రంగు కాకూడదట. చీకటి చూపాల్సిన చోట తెరలోని చుక్క పూర్తిగా ఆరిపోవాలట. ఆటలో బంతి కదిలితే వెనకాల మసక తోకలాగా సాగకూడదట. చేతిలో బటన్ నొక్కితే తెర మీది మనిషి ఆ క్షణమే కదలాలట. ఈ కాలంలో పిల్లను చూసుకోవడానికి కూడా ఇంత చదవరు.

అల్లుడు టీవీ కొంటున్నాడని ఎల్లారెడ్డిలో బావకు తెలిసింది. అక్కడ మొదలైంది మా అందరి కష్టం. ఒక పొద్దున మా అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ రెండొద్దులాయె, ఫోన్ పక్కకు బెట్టుకోని కూసుండు. సిమ్ము కంపెనోళ్లు ఫోన్ జేసినా 'చెప్పు అల్లుడా' అంటుండు. అడుగుతడో అడుగడో అని నన్ను సతాయిస్తుండు. అరె, సొంత అల్లుడే అడుగకపోతె ఊరోళ్లు ఎందుకడుగుతరు? గీ ఒక్కటి గూడ తప్పితె ఆ తువ్వాల ఇప్పి దండెం మీద ఏస్తడు. మళ్ల భుజానికెక్కియ్యడు, సూడు."

మా అక్క ఊరికే కన్నీళ్లు పెట్టే మనిషి కాదు. ఆ రోజు ముక్కు చీదుతూ ఫోన్ పెట్టేసింది. నాకు నా బావ మీద ఎంత కోపమున్నా, భుజం మీద తువ్వాల లేని హన్మంతును ఊహించుకుంటే మనసు ఒప్పలేదు. వెంటనే అరవింద్‌కు ఫోన్ చేశాను. టీవీ కొనేటప్పుడు మీ మామను ఒక్కమాట అడుగు నాయనా, ఏమీ పోదు అన్నాను. అతను మెల్లగా, "సుందర్ మామా, టీవీ నిన్ననే అచ్చింది. గోడకు బిగించిన గూడ" అన్నాడు. వెనక నుంచి పల్లవి అతణ్ని తిడుతున్నది వినిపిస్తూనే ఉంది.

పాపం, అరవింద్‌కు మామ అంటే లెక్కలేక కాదు. పెద్దమనిషిని ఎండలో ఎల్లారెడ్డి నుంచి రప్పించడం ఎందుకులే అనుకున్నాడట. పల్లవికి తండ్రి సంగతి తెలుసు. ఆమె వేసిందే పథకం. బాపుకు ఫోన్ చేసి పిలవాలి. టీవీ కొన్న దుకాణానికే తీసుకుపోవాలి. గోడకున్న రకం టీవీనే అక్కడ ఆయన చేత ఎంపిక చేయించాలి. నాలుగు రోజులయ్యాక వచ్చింది, బిగించాం అని చెప్పి గది చూపించాలి. ఆయన వేరేదాన్ని ఎంచుకోకుండా చూసే పని నాది. "నీ మాట ఇంటడు మామా" అంది. ఇరవై ఏళ్లలో ఆయన నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు.

అరవింద్ ఫోన్ చేసినప్పుడు బావ వెంటనే ఒప్పుకోలేదట. చూద్దాం, పనులున్నాయి, తీరిక దొరకాలి అన్నాడట. ఆ మాటంటూనే కాళ్లకు చెప్పులు వేసుకుంటున్నాడని మా అక్క చెప్పింది.

మర్నాడు పొద్దున బస్సెక్కాం. ధోవతి కొత్తది, తువ్వాల ఉతికి ఆరేసింది. టికెట్ ఇచ్చే కండక్టరు ఎక్కడికని అడిగితే కామారెడ్డి అని ఊరుకోవచ్చు కదా. అల్లుడు టీవీ కొంటున్నాడు, నేను చూస్తే తప్ప కొననంటున్నాడు అని మొదలుపెట్టాడు. లింగంపేట వచ్చేసరికి బస్సులో ఆ సంగతి తెలియనివాడు లేడు. డ్రైవరు కూడా అద్దంలో నుంచి ఒక సలహా చెప్పాడు. నేను కిటికీలో నుంచి పొలాలు చూస్తూ, ఈ మనిషి ఇంత సంబురపడుతుంటే రేపు నిజం తెలిస్తే ఏమైపోతాడా అని అనుకుంటున్నాను.

కామారెడ్డిలో ఇంటికి పోగానే బావ మంచినీళ్లయినా తాగకుండా మేడమెట్ల వైపు నడిచాడు. "కొట్టం సూడకుంట ఎద్దును కొంటరా? గది ముందుగాల సూడాలె" అన్నాడు. ఇది మా పథకంలో లేదు. తాళంచెవి పోయిందని పల్లవి అంది. అదే క్షణంలో తాళంచెవి ఆఫీసులో మర్చిపోయానని అరవింద్ అన్నాడు. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాడికి ఆఫీసెక్కడిది? బావ బిడ్డ ముఖం చూశాడు, అల్లుడి ముఖం చూశాడు, నా ముఖం కూడా చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాను. "సరే తియ్" అని నీళ్లు తాగాడు.

దుకాణం యాకూబుది. అరవింద్ ముందే అన్నీ చెప్పి పెట్టాడు, మా మామ ఏమన్నా సరే అనుండ్రి, ఆయన మనసు నొప్పించొద్దు అని. యాకూబు తండ్రి కూడా ఒకప్పుడు అంగట్లో దళారీయే. బావను చూడగానే యాకూబు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. బావ ముఖం వెలిగిపోయింది.

దుకాణం గోడల నిండా టీవీలు. అన్నింట్లో ఒకే పువ్వు విచ్చుకుంటోంది, ఒకే చిలుక ఎగురుతోంది. బావ నడుమ నిలబడి కాసేపు చూసి, అంగడికి తెచ్చే ఎద్దు కొమ్ములకు నూనె రాసినట్టు అన్నింటికీ రంగులు పూసి నిలబెట్టారన్నాడు. ముందు అన్నీ ఆర్పమన్నాడు. పడుకున్నప్పుడు ఎట్లా ఉంటాయో చూడాలట. యాకూబు ఆర్పాడు. కరెంటు పోయిందనుకుని ఇద్దరు గిరాకీలు బయటికి పోయారు. ఆరిపోయిన టీవీల ముందు బావ ఒక్కొక్క అడుగే వేస్తూ నడిచాడు. తర్వాత వాటిని వెనక నుంచి చూపమన్నాడు. గోడకున్నవి వెనక నుంచి ఎట్లా చూపుతారు? ముందర నుంచి చూసి ఎద్దును కొన్నవాడు వెనక తన్నులు తింటాడని పట్టుబట్టి, ఒకదాన్ని గోడ నుంచి దింపించాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు అల్లుణ్ని దగ్గరికి పిలిచి, ఇంతకూ నీకు దీంతో ఏం పనో చెప్పమన్నాడు. అరవింద్ భయపడుతూనే మొదలుపెట్టాడు. బటన్ నొక్కితే ఆ క్షణమే కదలాలి అన్నాడు.

"అంటె ముల్లుగర్ర తాకక ముందే అడుగెయ్యాలె."

"అవు మామా, గట్లనే."

"ఉరికేటప్పుడు ఎనుక తోక సాగద్దంటవ్."

"అసలే సాగద్దు."

"ఎండల గాదు, చీకట్ల పనిజేసేది గావాలె."

అరవింద్ నోరు తెరిచాడు. ఆరు నెలలుగా దోస్తులకు చెప్పాడు, పెండ్లానికి చెప్పాడు, నాకు చెప్పాడు. ఒక్కరమూ ఇట్లా మూడు ముక్కల్లో పట్టుకోలేదు. ఇక పథకం సంగతి మర్చిపోయాడు పిల్లగాడు. మామ చేయి పట్టుకుని ఒక్కొక్క టీవీ దగ్గరికీ తీసుకుపోయి దాని గుణమేమిటో, లోపమేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. మామ వింటున్నాడు, తిరిగి అడుగుతున్నాడు. నన్ను ఇద్దరూ మర్చిపోయారు.

చివరికి మన టీవీ దగ్గరికి వచ్చారు, మేడ మీద గోడకున్న రకమే. బావ దాన్ని ఆర్పించి చూశాడు. కింద మూలన చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. బావ వంగి దాన్నే చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దు. నిద్రల గూడ కన్ను మూయనిది ఇంటికి అచ్చిరాదు. ఇడిశిపెట్టు."

అరవింద్ ముఖం పాలిపోయింది. యాకూబు హడావిడిగా రిమోట్ తీసి, సెట్టింగుల్లోకి పోయి, ఆ ఎర్ర లైటు వెలగకుండా చేశాడు. ఇప్పుడు లేదు చూడండన్నాడు. బావ నవ్వాడు. "సుడిని గొరిగితె సుడి పోతదా యాకూబు?"

అక్కడి నుంచి సరాసరి పోయి మూలనున్న మరొకదాని ముందు నిలబడ్డాడు. రెండు వెడల్పాటి కాళ్ల మీద నిలబడిన పెద్ద టీవీ అది. ధ్వని గట్టిది. దాని మీద చెయ్యి వేసి తట్టాడు. నిలకడున్నదన్నాడు. అరవింద్ నా వైపు చూశాడు. నా వంతు వచ్చిందని నేను ముందుకు పోయి, బావా, దీని రంగులు బాగాలేవు, నేను ఫోటోలవాణ్ని చెప్తున్నా అన్నాను. నువ్వు పోయి పాస్‌పోర్టు ఫోటోలు దించుకో అన్నాడు. నా మాట వినే తీరు అది.

అప్పుడు అరవింద్ ఒక పని చేశాడు. అది పథకం కాదు, అతనికే తోచింది. యాకూబుకు చెప్పి దుకాణం లైట్లు తీయించాడు, షట్టరు సగం దించించాడు. రెండు టీవీల్లోనూ ఒకే దృశ్యం పెట్టించాడు. గుట్టల మీద రాత్రి ఆకాశం, చుక్కలు. "మామా, రెండిట్ల మొగులు సూడు" అన్నాడు, అంతే.

కాళ్ల టీవీలో చీకటి బూడిద రంగులో ఉంది, పొయ్యి ఆరిపోయాక మిగిలినదానిలా. రెండోదాంట్లో చీకటి చీకటే. తెర అంచు ఎక్కడో కూడా కనిపించడం లేదు. చుక్కలు మాత్రం ఉన్నాయి. బావ దగ్గరికి జరిగి తల పైకెత్తి చూశాడు. నేను కూడా చూస్తూ ఉండిపోయాను, ఒప్పుకోవాలి.

"అమాస మర్నాడు అంగడుంటె, కోడి కూయక ముందే ఎడ్లను తోలుకపోయేది" అన్నాడు మెల్లగా. "గిట్లనే ఉండేది మొగులు. ఎద్దు కనవడకపోయేది, గంట ఇనవడేది." తల ఊపి, "గిదే. కట్టుకపో" అన్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. మరి ఎర్ర లైటో అన్నాను. ఒక్క సుడికే ఎద్దును విడిచిపెడితే దున్నేదెట్లా అని నన్నే కసిరాడు. అరవింద్ సంతోషం చూడాలి. ఎట్లాగూ ఇంట్లో గోడకున్న టీవీనే, అయినా అప్పుడే దొరికినట్టు మురిసిపోయాడు. అతనికి కావాల్సిన టీవీ దొరికిందని కాదు. మామ అదే కారణానికి అదే టీవీని మెచ్చాడు, అందుకు.

ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది. బావ భుజం మీది తువ్వాల తీశాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది, బేరం మిగిలే ఉంది. అరవింద్‌కు ఆ సంగతే తెలియదు. యాకూబుకు తెలుసు. మీ బాపు నేర్పిండా అని బావ అడిగితే, నేర్పకుండా ఉంటాడా హన్మంతన్నా అని నవ్వుతూ చెయ్యి చాచాడు. బావ ఆ చేతి మీద ఎర్ర తువ్వాల కప్పి, తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు. దుకాణంలో పనివాళ్లు, గిరాకీలు అందరూ చుట్టూ మూగారు. సెల్ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. బావ ఎన్నేండ్లకో మళ్లీ అంగడి నడుమ నిలబడ్డాడు. మీసాల కింద నవ్వు, ఒక కన్ను సగం మూసి, తువ్వాల కింద వేళ్లు కదులుతున్నాయి.

యాకూబు సరేనన్నట్టు తల ఊపాడు. వేళ్లు మళ్లీ కదిలాయి. యాకూబు మళ్లీ ఊపాడు. బావ కనుబొమలు ముడిపడ్డాయి. ఈసారి చాలాసేపు ఆగి, యాకూబు కళ్లలోకి చూస్తూ ఇంకోసారి పట్టాడు. యాకూబు వెంటనే ఊపాడు. అంత చప్పున బేరం తెగడం నేనెప్పుడూ చూడలేదు. తువ్వాల తీసి, దులిపి, మడతపెట్టి భుజాన వేసుకుని, బావ "తెగింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యాకూబు చాయ్ తెప్పించాడు. బావ తాగలేదు.

ఇంట్లో భోజనం దగ్గర కూడా పెద్దగా మాట్లాడలేదు. పల్లవి కోడికూర వండింది. ఆయన నాలుగు ముద్దలు తిని లేచాడు. ఎండకు తిరిగి అలసిపోయాడని అందరం అనుకున్నాం. పథకం పారిందని వంటింట్లో పల్లవీ నేనూ చేతులు కూడా కలుపుకున్నాం.

సాయంత్రం బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కామారెడ్డి దాటాం. పొద్దున బస్సంతా వినేలా మాట్లాడిన మనిషి ఇప్పుడు కిటికీలో నుంచి చూస్తున్నాడు. ఏమైంది బావా, మంచి టీవీ దొరికింది కదా, బేరం కూడా తెగింది కదా అన్నాను.

"సుందర్, ఆఖరుకు ఎంత పట్టిననో ఎరుకేనా?"

తువ్వాల కింది మాట చెప్పకూడదు కదా బావా అన్నాను.

"మేక ధర పట్టిన. గంత టీవీకి, ఒక్క మేక ధర. సరే అన్నడు."

అందులో మర్మమేమిటో ఆయనే చెప్పాడు. సరుకున్నవాడి చెయ్యి వెనక్కి గుంజుతుందట. వేళ్ల లెక్క రాకపోయినా సరే, అమ్మాల్సింది ఇంకా తన దగ్గరున్నవాడి వేళ్లలో ఒక బిగి ఉంటుందట. యాకూబు చెయ్యి ఊరికే మెత్తగా పడి ఉందట. చెయ్యి అట్లా ఉండేది ఒకే ఒక్కప్పుడు, సరుకు అమ్ముడుపోయి, కట్టు విప్పి, అవతలివాడి కొట్టంలో కట్టేసి ఉంటే. తాళంచెవి పోయిందన్నప్పుడే అనుమానం వచ్చిందట, చెయ్యి పట్టుకున్నాక రూఢి అయిందట.

"అమ్ముడువోయిన ఎద్దుకు బేరం జేసిన రా" అన్నాడు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన కళ్లలో నీళ్లున్నాయేమోనని చూడటానికి కూడా భయమేసింది. మరి అప్పుడే తువ్వాల లాగేసి ఎందుకు అడగలేదు బావా, అందరినీ నాలుగు తిట్టాల్సింది కదా అన్నాను.

లింగంపేటలో కొందరు దిగారు, కొందరు ఎక్కారు. బస్సు మళ్లీ కదిలాక నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు.

"ఏమని తిట్టాలె? నా బిడ్డ అబద్ధమాడ చేతగాక తాళంచెవి పోయిందన్నది. అల్లుడు షర్టు తడిసేదాక చెమటలు పట్టిండు. నువ్వు దుకాణం బంద్ బెట్టుకోని అచ్చినవ్. నన్నొక్కని సంతోషపెట్టెతందుకు గింతమంది గిన్ని తిప్పలు పడ్డరు. నా జన్మల నా కోసం ఎవ్వలన్న గింత తిప్పలు పడ్డరా?" తువ్వాల అంచు సరిచేసుకున్నాడు. "కొన్నంక అడిగిండు. అడిగిండు గద."

ఇరవై ఏళ్లుగా ఈ మనిషిని తిట్టుకుంటూ తిరిగాను. ఆ రోజు మాత్రం ఆయన పక్కన కూర్చున్నందుకు గర్వపడ్డాను. అంతలోనే ఆయన, ఈ సంగతి ఎక్కడైనా అన్నావో నీ స్టూడియోకు తాళం వేయిస్తానని బెదిరించాడు. గర్వం సగం దిగిపోయింది.

నాలుగు రోజులకు టీవీ "వచ్చింది". అందరం పోయాం. పోయిన తాళంచెవి పల్లవి కొంగు ముడిలో నుంచి బయటపడింది. బావ గదిలోకి అడుగుపెట్టి గోడ మీది టీవీని మొదటిసారి చూసినట్టు చూశాడు. ఎప్పుడు బిగించారు, ఎవరు బిగించారు, దారిలో ఏమీ దెబ్బ తగల్లేదు కదా అని వరసగా అడిగాడు. మా బావ ఇంత నాటకమాడగలడని మా అక్కకు కూడా తెలియదు. ఎర్ర లైటు వెలగడం లేదు. బావ నా చెవి దగ్గరికి వంగి, సుడి గొరిగిండ్రు అని మెల్లగా అన్నాడు. నేను నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాను.

అరవింద్ దోస్తులు కూడా వచ్చారు. పరదాలు వేసి, ఆట పెట్టారు. ఎవరు సెలెక్ట్ చేశారు ఇంత మంచి టీవీ అని ఒకతను అడిగాడు. అరవింద్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా మామ. నేను ఆర్నెల్లు సదివింది ఆయన ఒక్క పొద్దుల సూసిండు" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బావ నల్ల గోడల మధ్య పెద్ద కుర్చీలో కూర్చుని, తెర మీద బంతి ఎటు పోతే అటు ఒళ్లంతా వంచుతూ చూస్తున్నాడు. రిమోట్ చేతికిస్తే మాత్రం తీసుకోలేదు. ఎద్దును కొనిపెట్టేవాడు దున్నొద్దన్నాడు.

ఆ తర్వాత వారమో పది రోజులో అయి ఉంటుంది. అరుగు మీద బావా నేనూ చాయ్ తాగుతున్నాం. పక్కింటి లింగం వచ్చాడు. దుకాణంలో తువ్వాల బేరం వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి ఎల్లారెడ్డి దాకా వచ్చిందట, ఊరంతా చూసిందట. ఇంట్లో ఫ్రిజ్ కొనాలనుకుంటున్నాం, కామారెడ్డి దాకా ఒకసారి రావాలి హన్మంతన్నా, నువ్వు చూస్తేనే కొంటాం అన్నాడు. లోపల గిన్నెలు సర్దుతున్న మా అక్క చేతులు ఆగిపోయాయి.

బావ తొందరపడలేదు. కప్పు కింద పెట్టాడు. భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ మడతపెట్టి వేసుకున్నాడు.

"అస్త లింగం, తప్పకుంట అస్త. గని ముందుగాల ఒక్కటి చెప్పు. ఫ్రిజ్ కొనాల్నా, కొన్నరా? ఏదైనా అస్త. ఎరుకుంటె ఆ తీరుగ తయారై అస్త."